టిక్కీల లెక్క ఫోనులోకి: ఒక కోల్డ్ స్టోరేజీ యాప్ డైరీ

నవంబరు 18

గుంటూరు శివారులో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి వచ్చే, పోయే మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, అక్కడికక్కడే నమోదు చేసే ఆండ్రాయిడ్ యాప్ తయారు చేయడం, దానిని సిబ్బందికి ఇచ్చే 12 ఫోన్లలో పెట్టడం, సీజను ముగిసేదాకా ఆగకుండా నడపడం ఈరోజు నేను ఒప్పుకున్న పని. పన్నెండేళ్లుగా నేను రాస్తున్నది కంప్యూటరు మీద నడిచే లెక్కల సాఫ్ట్‌వేరు. ఫోనుకు ప్రోగ్రాము రాయడం ఇదే మొదటిసారి కాబట్టి ఏ రోజు ఏది తెలిసిందో, ఏది తప్పయిందో తేదీల వారీగా రాసిపెట్టుకుంటున్నాను.

ప్రస్తుతం అక్కడ పని ఇలా జరుగుతోంది. రైతు సరుకు లారీలోనో ట్రాక్టరులోనో గేటు దగ్గరికి వస్తుంది. గుమాస్తా టిక్కీలు లెక్కపెట్టి, మిర్చి రకం తేజనో, 334నో, బాడిగనో రాసుకుని ఆ సరుకు మొత్తానికి ఒక లాటు నంబరు ఇస్తాడు. ఆ నంబరును బస్తాల మీద రంగుతో వేస్తారు. తర్వాత బస్తాలు మోసే కూలీల ముఠా వాటిని ఛాంబరులోకి మోసుకుపోయి అంతస్తుల్లో పేరుస్తుంది. ఏ ఛాంబరు, ఏ అంతస్తు, ఏ వరస అన్నది మేస్త్రి ఒక చీటీ మీద రాసి పంపితే సాయంత్రం ఆఫీసులో దానిని పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఆ చీటీ తడిసినా, ఎవరి జేబులోనైనా ఉండిపోయినా, ఆరు నెలల తర్వాత రైతు సరుకు అడిగినప్పుడు 60 టిక్కీల లాటు కోసం నాలుగు అంతస్తులూ వెతకవలసి వస్తుంది. ఒక్కో టిక్కీ 40 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది కనుక, వెతకడమంటే ముందు వరసలను దించి వెనక వరసలను చూసి మళ్లీ పేర్చడమే. ఆ కూలి ఎవరు భరించాలన్న దాని మీద ఏటా నాలుగైదు పంచాయితీలు తప్పడం లేదని యజమాని చెప్పారు.

నవంబరు 25

వారం రోజులు కోట్లిన్ భాష నేర్చుకోవడానికి పెట్టాను. 2017లో గూగుల్ దీనిని ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషగా ఒప్పుకుంది. 2019 నుంచి దీనికే ముందు పీట వేస్తోంది. జావాతో కొంత పరిచయం ఉన్నవారికి ఇది పెద్ద కష్టం కాదు. యాప్ తెరలను గూగుల్ వారి కంపోజ్ అనే పద్ధతిలో రాస్తున్నాను.

ఈ వారంలో చెప్పుకోదగ్గది ఒక్క సంగతి. గేటు తెర మీద పెద్ద బటన్ పెట్టి దాని మీద ‘టిక్కీలు’ అని రాశాను. బటన్ ఎత్తును ఇంగ్లీషు పాఠంలో చూపిన కొలతకే బిగించేయడం వల్ల అక్షరం కింద ఉండే కావత్తు అంచు దగ్గర తెగిపోయి అది ‘టికీలు’ అని కనిపించింది. ‘తగ్గింపు’లో గావత్తుకూ అదే గతి పట్టింది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తు మన ఒత్తులకు చాలదు. ఎత్తులను బిగించకుండా అక్షరాన్ని బట్టి పెరిగేలా వదిలేసి, వరసల మధ్య ఖాళీ పెంచిన తర్వాత ఒత్తులన్నీ పూర్తిగా కనిపించాయి. తెలుగు యాప్‌లలో ఇలాంటి తెగిన ఒత్తులను ఎన్నోసార్లు చూసి విసుక్కున్నవాడిని, అదే తప్పు నేనూ చేశాను.

డిసెంబరు 4

ఫోను పట్టుకుని ఛాంబరులోకి వెళ్లి చూశాను. చలి బయటికి పోకుండా కట్టిన మందపాటి గోడలు సిగ్నలును కూడా లోపలికి రానివ్వడం లేదు. తలుపు దగ్గర ఒక గీత ఉంటుంది, పది అడుగులు లోపలికి వేస్తే అదీ పోతుంది. కాబట్టి యాప్ నెట్‌వర్కు ఉన్నప్పుడు పనిచేసి లేనప్పుడు క్షమాపణ చెప్పే రకంగా ఉంటే కుదరదు. ప్రతి నమోదూ ముందు ఫోనులోని డేటాబేసులో పడాలి. సిగ్నలు తగిలినప్పుడు దానంతట అదే సర్వరుకు చేరాలి.

ఫోనులో దాచడానికి రూమ్, పంపడానికి వర్క్‌మేనేజర్ అనే ఆండ్రాయిడ్ లైబ్రరీలు వాడుతున్నాను. పదిహేను నిమిషాలకు ఒకసారి పంపే పనిగా మొదట రాశాను, ఎందుకంటే వర్క్‌మేనేజర్‌లో పదే పదే జరిగే పనికి అంతకంటే తక్కువ వ్యవధి ఒప్పుకోదు. కానీ మేస్త్రి ఛాంబరు బయట నిలబడేది టీ తాగేంతసేపే. ఆ కాస్త సమయం పదిహేను నిమిషాల వంతుతో కలవాలని లేదు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి వచ్చిన డోజ్ అనే ఏర్పాటు, తెర ఆరిపోయి కదలకుండా ఉన్న ఫోనులో ఇలాంటి పనులను ఇంకా వెనక్కి నెడుతుంది. అందుకని ప్రతి నమోదుకూ ‘నెట్‌వర్కు దొరికితేనే’ అనే షరతుతో ఒక్కసారి జరిగే పనిని కేటాయించాను. ఇప్పుడు తలుపు దాటి బయటికి వచ్చిన అర నిమిషంలో లెక్క ఆఫీసు కంప్యూటరులో కనిపిస్తోంది.

డిసెంబరు 12

లాటు నంబరు టైపు చేయించకుండా క్యూఆర్ చీటీని కెమెరాతో చదివించాలన్నది ఆలోచన. కెమెరాను నడిపే కెమెరాఎక్స్, కోడ్‌ను చదివే ఎంఎల్ కిట్ అనే గూగుల్ లైబ్రరీలు కలిపి రెండు రోజుల్లో పని పూర్తయింది. ఇంట్లో పరీక్షిస్తే రెప్పపాటులో చదివింది. ఛాంబరులో కొత్త ఫోను మీద పరీక్షిస్తే ఎంతసేపు పెట్టినా చదవలేదు. కారణం వెతకగా, కోడ్‌ను గుర్తుపట్టే నమూనాను (మోడల్‌ను) యాప్‌తోపాటు ఇవ్వడం, లేదా గూగుల్ ప్లే సర్వీసుల ద్వారా తర్వాత దింపుకోవడం అని రెండు రకాలున్నాయని, నేను తెలియక రెండోది ఎంచుకున్నానని తేలింది. సిగ్నలే లేని చోట ఆ నమూనా ఎక్కడి నుంచి దిగుతుంది? మొదటి రకానికి మారితే యాప్ కొద్ది మెగాబైట్లు బరువెక్కింది, గొడవ తీరింది.

రెండో చిక్కు ప్రోగ్రాముకు సంబంధించినది కాదు. అరగంట లోపల ఉండి చల్లబడిన ఫోనును బయటికి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలాగా కెమెరా అద్దం మీద చెమ్మ పడుతోంది. చీటీ మబ్బులో ఉన్నట్టు కనిపిస్తుంది. మేస్త్రి దానిని తలకు చుట్టుకున్న తువ్వాలుతో తుడిచాడు. ఆ తువ్వాలుకున్న కారపు దుమ్ము అద్దానికి అంటుకుని ఇంకా మసకబారింది. నాకు వరసగా ఏడెనిమిది తుమ్ములు వచ్చాయి. “బాబూ, దీనికన్నా నంబరు నొక్కుకోవడమే నయం,” అన్నాడు. ఆయన మాటే సబబనిపించి, కెమెరా తెర మీదే పెద్ద అంకెలతో చేత్తో నొక్కే దారి కూడా పెట్టాను. డిసెంబరులోనే ఇలా ఉంటే ఏప్రిల్ ఎండలో ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

డిసెంబరు 21

యాప్ ఒక రూపానికి వచ్చింది కాబట్టి 12 ఫోన్లను ఆఫీసు అదుపులో ఉంచే సంగతి మొదలుపెట్టాను. పనికోసం ఇచ్చిన ఫోనులో సినిమాలు చూడకూడదు, యాప్‌ను ఎవరూ తీసేయకూడదు, ఫోను పోతే లోపలి లెక్క మరొకరికి చిక్కకూడదు అన్నవి యజమాని పెట్టిన షరతులు.

ఈ అవసరం కొత్తదేమీ కాదు. బ్లాక్‌బెర్రీ ఫోన్లు కంపెనీలలో రాజ్యమేలిన రోజుల్లో వాటి ఎంటర్‌ప్రైజ్ సర్వరు సరిగ్గా ఇదే పని చేసేది. ఆఫీసులో ఒకరు కూర్చుని ఎవరి ఫోనులో ఏముండాలో నిర్ణయించేవారు. ఆ పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు 2022 జనవరి 4తో ఆగిపోయాయి. ఆండ్రాయిడ్‌లో వ్యాపార ఫోన్ల కోసం ప్రత్యేక ఏర్పాట్లు 2014లో వచ్చిన 5.0తో మొదలయ్యాయి.

నేను మూడు రోజులు వృథా చేసుకున్నది ఇక్కడే. ‘డివైస్ అడ్మిన్’ అనే పద్ధతిలో రాసిన ఒక పాత పాఠం పట్టుకుని అదంతా ఎక్కించాను. కెమెరా ఆపేయడం, పాస్‌వర్డు నియమాలు పెట్టడం వంటి అందులోని ముఖ్యమైన పనులను ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ పద్ధతికి తీసేశారని, మావి ఆండ్రాయిడ్ 13 ఫోన్లని చివరికి గాని గ్రహించలేదు. పాఠం ఏ సంవత్సరంలో రాసినదో ముందే చూసుకోవలసింది. ఇప్పుడు పట్టుకోవలసింది ‘డివైస్ ఓనర్’ పద్ధతి. ఇందులో ఫోను మొత్తం సంస్థదే. మొదటిసారి ఆన్ చేసినప్పుడు గాని, ఫ్యాక్టరీ రీసెట్ చేసిన తర్వాత గాని మాత్రమే ఈ హోదా ఇవ్వగలం. ఉద్యోగి సొంత ఫోనులో ఆఫీసు పనికి వేరే గది కట్టినట్టు ఉండే ‘వర్క్ ప్రొఫైల్’ కూడా ఉంది కాని, ఇక్కడ ఫోన్లు యజమాని కొన్నవే కాబట్టి దాని జోలికి పోలేదు.

జనవరి 3

సంస్థల ఫోన్లను దూరం నుంచి అదుపు చేయడానికి గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ మేనేజ్‌మెంట్ ఏపీఐ అనే సేవతో ఫోన్లను చేర్చడం మొదలుపెట్టాను. ఏమేమి ఉండాలో, ఏమేమి ఉండకూడదో ఒక విధాన పత్రంగా రాసి పంపితే, ఫోనులోని ఆండ్రాయిడ్ డివైస్ పాలసీ యాప్ దానిని అమలు చేస్తుంది. కొత్త ఫోను స్వాగతం పలికే తెర మీద ఒకే చోట ఆరుసార్లు తడితే క్యూఆర్ కోడ్ చదివే తెర వస్తుంది. మనం తయారు చేసుకున్న కోడ్ చూపిస్తే వైఫై అడిగి, మిగతాది అదే చూసుకుంటుంది. ఆరుసార్లు తట్టాలన్న రహస్యం తెలియక మొదటి ఫోనును మామూలుగా సెటప్ చేసేసి, మళ్లీ రీసెట్ చేశాను.

ఉదయం పది గంటలకు కోడ్ తయారు చేసి కాగితం మీద అచ్చు తీయించాను. మొదటి నాలుగు ఫోన్లు ఇబ్బంది లేకుండా చేరాయి. భోజనం చేసి వచ్చి అయిదో ఫోనుకు చూపిస్తే నమోదు కుదరలేదని వచ్చింది. వైఫై తప్పేమోనని రూటరు ఆపి పెట్టాను, ఫోను పాడేమోనని మరొకటి తీశాను. గంటన్నర తర్వాత తెలిసింది, నేను గడువు ఏమీ రాయకపోతే ఆ కోడ్‌లో ఉండే టోకెనుకు, అంటే ఫోనును చేర్చుకునే అనుమతికి, ఆయుష్షు ఒక గంటేనట. గడువును వారం రోజులుగా రాసి కొత్త కోడ్ తీశాక సాయంత్రానికి తొమ్మిది ఫోన్లు అయ్యాయి.

ఈ పనిలో నా తొందరపాటు వల్ల ఒక నష్టం జరిగింది. డిసెంబరులో పరీక్ష కోసం గేటు దగ్గర రెండు ఫోన్లు ఇచ్చి ఉన్నాను. డిసెంబరులో లోపలికి వచ్చే సరుకు తక్కువ, బయటికి పోయేదే ఎక్కువ కాబట్టి గుమాస్తా గారు బయటికి పోయిన టిక్కీలను వాటిలో ఎక్కిస్తున్నారు. ఒక ఫోనులో సర్వరుకు చేరని నమోదులు 37 ఉన్నాయి. అవి చూసుకోకుండా ఆ ఫోనును కూడా రీసెట్ చేశాను. గుమాస్తా గారు ఏమీ అనలేదు. బల్ల సొరుగులోంచి తన పాత పుస్తకం తీసి, “అలవాటు కొద్దీ ఇందులో కూడా రాస్తున్నానండీ,” అని నా ముందు పెట్టారు. ఇద్దరం కూర్చుని 37 లెక్కలూ మళ్లీ ఎక్కించాం. యాప్ వచ్చాక పుస్తకం మానేయాలన్న మాట నేనిక ఎత్తలేదు. పంపవలసిన నమోదులు ఎన్ని మిగిలాయో మొదటి తెర మీదే ఎర్ర అంకెతో కనిపించేలా మార్చాను.

జనవరి 9

యాప్‌ను సంస్థల కోసం ఉన్న మేనేజ్డ్ గూగుల్ ప్లేలో మా సంస్థకు మాత్రమే కనిపించే ప్రైవేటు యాప్‌గా పెట్టాను. అందరికీ అందుబాటులో పెట్టే యాప్‌లకు కావలసిన బొమ్మలు, వివరణలు దీనికి అక్కర్లేదు. పేరు, ప్యాకేజీ ఫైలు ఇస్తే చాలు. అయినా మూడుసార్లు తిరగ్గొట్టింది. మొదటిసారి ప్యాకేజీ పేరు ‘కామ్ డాట్ ఎగ్జాంపుల్’తో మొదలైనందుకు: పాఠంలో ఉన్నది ఉన్నట్టు వదిలేశాను, ప్లే దానిని ఒప్పుకోదు. రెండోసారి, యాప్ ఎవరు తయారు చేసిందో చెప్పే డిజిటల్ సంతకం, పరీక్షల కోసం వాడే డీబగ్ సంతకమే అయినందుకు. మూడోసారి పెట్టుకున్న చక్కని చిన్న పేరును ప్రపంచంలో ఇంకెవరో అప్పటికే వాడేసినందుకు. యాప్ ప్రైవేటుదే అయినా ప్యాకేజీ పేరు ప్లే మొత్తంలో మరొకటి ఉండకూడదు.

సంతకం విషయంలో కాస్త భయం కూడా పట్టుకుంది. కేబులుతో డీబగ్ కాపీ ఎక్కించిన నా సొంత ఫోనులో దాని మీద అసలు కాపీ ఎక్కలేదు. రెండు సంతకాలు కలవనప్పుడు ఆండ్రాయిడ్ ఆ రెంటినీ ఒకే యాప్‌గా గుర్తించదు. అంటే నేను సంతకం చేసే తాళం ఫైలు పోతే 12 ఫోన్లలో ఉన్న యాప్‌కు ఇక కొత్త వెర్షను పంపలేను. ఆ ఫైలును రెండు పెన్‌డ్రైవులలో పెట్టి, ఒకటి యజమాని ఇనప్పెట్టెలో, భూమి దస్తావేజుల పక్కన పెట్టించాను. పాస్‌వర్డు విడిగా కాగితం మీద రాసి కవరులో సీలు చేసి ఇచ్చాను.

జనవరి 22

నాకు ఎక్కువ నేర్పిన చిక్కు ఇది. విధాన పత్రంలో మా యాప్‌ను కియోస్క్‌గా పెట్టాను. అంటే ఫోను ఆన్ చేయగానే అదే తెరుచుకుంటుంది, మరొకటి తెరుచుకోదు. యజమానికి బాగా నచ్చింది. నాలుగో వెర్షనులో ఒక తప్పు దిద్ది అయిదోది పెట్టాను. రెండు రోజులు గడిచినా ఒక్క ఫోనులోనూ అయిదో వెర్షను కనిపించలేదు.

మామూలుగా ప్లే యాప్‌లను తాజా చేయడానికి నాలుగు షరతులు కలిసి రావాలి: మొబైలు డేటా కాకుండా వైఫై వంటి కనెక్షను ఉండాలి, ఫోను ఛార్జింగులో ఉండాలి, ఎవరూ దానిని వాడుతూ ఉండకూడదు, తాజా చేయవలసిన యాప్ తెర మీద తెరిచి ఉండకూడదు. కియోస్క్‌లో మా యాప్ ఎప్పుడూ తెర మీదే ఉంటుంది. నేనే తలుపు లోపలి నుంచి గడియ పెట్టి బయటి నుంచి తట్టుతున్నానన్నమాట. పైగా గేటు దగ్గరి ఫోన్లు సిమ్ మీదే నడుస్తాయి.

రెండు మార్పులు చేశాను. కియోస్క్ తీసేసి, మేము అనుమతించిన యాప్‌లు మాత్రమే కనిపించే ప్రత్యేక హోమ్ తెరను విధానంలో పెట్టాను. కాల్ చేసుకునే యాప్ కూడా దాని మీదే ఉంది, మేస్త్రీలు అడుగుతున్నది అదే. రెండోది, మా యాప్ ఒక్కదానికి తాజా చేసే తీరును ‘అధిక ప్రాధాన్యం’గా మార్చాను. దీనికి షరతులేవీ ఉండవు, కొత్తది అందిన వెంటనే ఎక్కేస్తుంది. ఆ వెంటనే కొత్త ప్రశ్న వచ్చింది: గుమాస్తా సగం లెక్క నొక్కుతుండగా యాప్ మూసుకుపోతే? అందుకని నొక్కిన ప్రతి అంకె అప్పటికప్పుడు ఫోనులో దాగేలా మార్చాను. కొత్త వెర్షన్లను రాత్రి తొమ్మిది తర్వాతే పెడుతున్నాను.

ఇదే విధాన పత్రంలో మరో రెండు సదుపాయాలు దొరికాయి. ఏ ఫోను ఏ గేటుదో, ఏ ఛాంబరుదో యాప్‌లో అడగకుండా, ఇక్కడి నుంచే అమరికగా పంపవచ్చు. ఫోను చేతులు మారితే నేను కూర్చున్న చోటి నుంచే అంకె మారుస్తాను. ఇక ఆండ్రాయిడ్ సిస్టం అప్‌డేట్లు సీజను మధ్యలో వచ్చి పడకుండా వరసగా 90 రోజుల దాకా నిలిపి ఉంచవచ్చు. ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా లెక్కపెడితే 89 రోజులు. మిర్చి సీజనుకు కొలిచి కుట్టినట్టే ఉంది.

ఫిబ్రవరి 16

కొత్త పంట రావడం మొదలైంది. ఈరోజు సాయంత్రం ఆఫీసు కంప్యూటరులో ఒక రైతు ఖాతాలో 120 టిక్కీలు కనిపించాయి, చీటీ మీద మాత్రం 60 ఉన్నాయి. ఫోనులో చూస్తే 60కి ఒకే నమోదు ఉంది.

ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైలును నిమిషం నిమిషం చదివితే సంగతి బోధపడింది. మేస్త్రి ఛాంబరు బయటికి వచ్చాడు. ఫోను లెక్కను సర్వరుకు పంపింది, సర్వరు రాసుకుంది. ‘అందింది’ అన్న జవాబు తిరిగి వచ్చేలోపే ఆయన మళ్లీ ఛాంబరులోకి నడిచాడు, సిగ్నలు పోయింది. జవాబు రాలేదు కాబట్టి ఫోను బాధ్యతగా మళ్లీ పంపింది, సర్వరు కూడా బాధ్యతగా మళ్లీ రాసుకుంది. తప్పు రెండింటిదీ కాదు, వరస సంఖ్యను సర్వరు ఇవ్వాలని నిర్ణయించిన నాది. ఇప్పుడు ప్రతి నమోదుకూ ఫోనులోనే ఎక్కడా పునరావృతం కాని ఒక గుర్తును తగిలించి పంపుతున్నాను. అదే గుర్తుతో రెండోసారి వస్తే సర్వరు ‘అందింది’ అని జవాబిచ్చి ఊరుకుంటుంది, రాసుకోదు. పాత నమోదులన్నీ జల్లెడ పడితే ఇలాంటివి మరో మూడు దొరికాయి. రైతు ముందుకు వెళ్లకముందే దొరకడం మా అదృష్టం.

మార్చి 20

సీజను ముమ్మరంగా ఉంది, రాయడానికి తీరిక లేదు. తొమ్మిదో వెర్షను నిన్న రాత్రి పెట్టాను, ఉదయం ఆరింటికల్లా పదకొండు ఫోన్లలో ఎక్కింది. కెమెరా వాడకం తగ్గి, చేత్తో నంబరు నొక్కడం పెరిగిందని లెక్కలు చెబుతున్నాయి. మేస్త్రి ముందే చెప్పాడు. లాటు వెతుకులాటలు ఈ నెలలో రెండే జరిగాయి, ఆ రెండూ యాప్ రాకముందు పెట్టిన సరుకువే.

ఏప్రిల్ 11

ఏడో నంబరు ఫోను చివరిసారి కబురు పంపింది మూడు రోజుల కిందటని నిర్వహణ పట్టిక చూపిస్తోంది. దాని నుంచి రావలసినవి ఎన్ని ఉన్నాయో ఇక్కడి నుంచి తెలియదు. పోయిందనుకుని దూరం నుంచే చెరిపేసే ఆజ్ఞ ఇవ్వడానికి సిద్ధపడి, జనవరి నాటి 37 నమోదులు గుర్తుకొచ్చి ఆగి, ముందు గుమాస్తా గారికి ఫోను చేశాను. మూడో ఛాంబరు మేస్త్రి ఊళ్లో జాతరకు వెళ్తూ, పోతుందేమోనన్న భయంతో దానిని స్విచ్ ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో దాచి వెళ్లాడట. రేపు ఆయన డ్యూటీకి వస్తున్నాడు. ఆన్ చేశాక ఎర్ర అంకె ఎంత చూపిస్తుందో చదివి చెప్పమని, సున్నా అయ్యేదాకా ఫోనును గేటు దగ్గరే ఛార్జింగులో పెట్టించమని చెప్పాను.